బ్లాకు కబడ్డీ జట్టుకి పన్నెండు పేర్లు ఎలా తేల్చాలి?

గోసాణి_కుర్రోడు:
ఒడిశా గజపతి జిల్లాలో గోసాణి, కాశీనగర్ బ్లాకుల కుర్రాళ్ళతో జట్టు కడుతున్నాం. ఆడేవాళ్ళు పద్దెనిమిది మంది, రాయాల్సింది పన్నెండు పేర్లు. కూతకెళ్ళేవాళ్ళు ఎంతమంది, పట్టేవాళ్ళు ఎంతమంది? బరువు ఎప్పుడు చూడాలి? పేరు రానివాళ్ళకి ఏం చెప్పాలి?

రైట్‌కార్నర్:
రెయిడర్లు, అంటే కూతకెళ్ళేవాళ్ళు, నలుగురు చాలు. పట్టేవాళ్ళలో అంచున నిలబడే కార్నర్లు ఇద్దరు, వాళ్ళ పక్కన లోపలివైపు నిలబడే కవర్లు ఇద్దరు, వాళ్ళకి బదులు ఇద్దరు, ఆల్‌రౌండర్లు ఇద్దరు. ఆ కార్నర్లు, కవర్లు నలుగురూ కలిసి ఆడి అలవాటైనవాళ్ళే కావాలి. ఊరికొకణ్ణి ఏరి తెస్తే చేతులు కలిపి పట్టే చెయిన్ తెగిపోద్ది. కార్నర్ రెయిడర్ యాంకిల్ (చీలమండ) అందుకున్న క్షణంలోనే కవర్ మీద పడాలి. ఏమాత్రం ఆలస్యమైనా రెయిడర్ జారి గీత తాకేస్తాడు.

రెయిడ్_రాజా:
ఏటన్నా, నలుగురేటి? ఐదుగురు ఉండాలి, అందులో ఒకడు ఎడం చేతివాడు. అవుటై బయట కూర్చున్నవాడి బదులు బెంచి మీంచి ఇంకొకణ్ణి దింపే రూలు లేదు. మ్యాటు మీది ఏడుగురిలో ముగ్గురు రెయిడర్లు లేకపోతే, మెయిన్ రెయిడర్లు పడ్డాక కవరే కూతకెళ్ళాలి. ఆలౌట్లు మొదలయ్యేది అక్కడే.

రైట్‌కార్నర్:
రూల్సు నాకు నేర్పకు తమ్ముడూ. రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే అవుటే. గట్టి డిఫెన్సు ఉంటే అవతలివాణ్ణి అక్కడిదాకా లాక్కొచ్చి పట్టొచ్చు. మనవాళ్ళు ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు పడితే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. 2022లో ప్రో కబడ్డీ జట్టు తమిళ తలైవాస్ రెయిడర్ పవన్ సెహ్రావత్‌కి 2.26 కోట్లు పెట్టింది, మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలు దెబ్బతింది. ఒక్క రెయిడర్ని నమ్ముకుంటే అంతే.

రెయిడ్_రాజా:
సగమే చెప్తారేం? అదే తలైవాస్ ఆ సీజన్లో సెమీఫైనల్‌కి వెళ్ళింది, నరేందర్ అనే కొత్త కుర్రాడి కూతలతో. జట్టులో ఇంకో రెయిడర్ ఉండబట్టే కదా?

రైట్‌కార్నర్:
పట్టేవాళ్ళు నిలబెట్టకపోతే నరేందర్ పాయింట్లు ఏ మూలకి?

కాశీనగర్_వార్డు:
పంచాయతీ ఎన్నికల్లోనూ ఇదే గొడవ. ముందు పేరు అనేసుకుంటారు, అర్హత తర్వాత చూస్తారు. ఒడిశాలో సర్పంచికి పార్టీ గుర్తు లేదు, జిల్లా పరిషత్ సభ్యుడికే ఉంది. అందుకని పార్టీలవాళ్ళు తెర వెనక పేరు ఖాయం చేస్తారు, కాగితాలు ఎవడూ చూడడు. సర్పంచికి 21 ఏళ్ళు నిండాలి, ఒడియా చదవడం, రాయడం రెండూ రావాలి. తెలుగు బడిలో చదివి ఒడియా మాట్లాడ్డం మటుకే వచ్చినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. గెలిచాక కూడా దీని మీద పిటిషన్ వేయొచ్చు. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హత. మూడోవాణ్ణి దత్తత ఇచ్చేశాం అంటే చెల్లదు, 2018లో సుప్రీంకోర్టు ఒడిశా కేసులోనే తేల్చింది.

గుమ్మా_మన్యం:
మీ లెక్క మా దగ్గర పారదు. గజపతి జిల్లాలో గుమ్మా, రాయగడ బ్లాకులు షెడ్యూల్డు ప్రాంతం, సర్పంచి పదవి ఎస్టీలకే. ఇది మన జిల్లాలోని రాయగడ బ్లాకు, రాయగడ జిల్లా కాదు. బయటివాళ్ళు రెండూ కలిపేస్తారు.

వంశధార_ఒడ్డు:
తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాడికి ఒడియా రాయడం పరీక్షేంటండీ? అన్యాయం కాదా?

కాశీనగర్_వార్డు:
అన్యాయం అనుకుంటే కోర్టుకెళ్ళండి. ఈలోగా అక్షరాలు నేర్పించండి. నామినేషన్ ముందు రాత్రి నేర్పితే రాదు. గ్రామసభ తీర్మానం పైకి చదివి, తేదీ వేసి, కింద నాలుగు వాక్యాలు సొంతంగా రాయగలగాలి. సంతకం ఒక్కటే దిద్దించి పంపితే పరువు పోద్ది.

బరంపురం_బావ:
నామినేషన్ కాగితాలు నింపడమే నా వృత్తి, ఇది రాసిపెట్టుకోండి. అసెంబ్లీకి నిలబడాలంటే ఓటు ఆ రాష్ట్రంలోనే ఉండాలి. లోక్‌సభకి దేశంలో ఎక్కడున్నా సరే. పి.వి. నరసింహారావు గారు 1996లో మా బరంపురం నుంచి లోక్‌సభకి గెలిచింది ఆ వీలుతోనే. మహేంద్రతనయ నది అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో ఓటున్నవాడు ఇవతల ఒడిశాలోని పర్లాకిమిడి అసెంబ్లీకి పనికిరాడు. రిజర్వుడు అసెంబ్లీ సీటుకి కులం కూడా ఒడిశా జాబితాలో ఉండాలి, ఆంధ్రా సర్టిఫికెట్ చెల్లదు. గుర్తింపు పొందిన పార్టీవాడికి ప్రతిపాదకుడు ఒకడు చాలు, స్వతంత్రుడికి పదిమంది. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లు అయ్యుండాలి. నామినేషన్లు ఎక్కువగా కొట్టేసేది ఇక్కడే.

గోసాణి_కుర్రోడు:
అన్నయ్యలూ, బరువు సంగతి ఎవరూ చెప్పలేదు.

గుణుపురం_మాస్టారు:
కబడ్డీ ఫెడరేషన్ రూల్స్‌తో ఆడే పోటీలైతే సీనియర్ మగవాళ్ళకి 85 కిలోలు, ఆడవాళ్ళకి 75. మీ పోటీకి ఎంతో నిర్వాహకుల్ని అడిగి కాగితం మీద తీసుకోండి. రెండు వారాల ముందే ఒకసారి తూయండి, పరగడుపున, నిక్కరు బనియన్‌తో. రెండు కిలోలు ఎక్కువున్నవాణ్ణి తిండి సర్ది దింపొచ్చు. నాలుగు కిలోలు దాటితే అప్పుడే పేరు మార్చేయండి. ఆఖరి రోజు నీళ్ళు మానేసి, రెయిన్‌కోటు వేసి పరిగెత్తించారంటే కాటా మీద నెగ్గుతాడు గానీ రెండో హాఫ్‌లో పిక్కలు పట్టేసి కూలబడతాడు. బరువు సమస్య ఎక్కువ కవర్లకే, అందుకే కవర్‌కి బదులు ఆటగాడు సన్నంగా ఉన్నవాడు కావాలి. మీవాళ్ళని ఒకే కాటా మీద తూయండి, ఆ కాటాని ముందు తూనికరాయి పెట్టి సరిచూసుకోండి.

రెయిడ్_రాజా:
మాస్టారూ, ఐదుగురు రెయిడర్లా, నలుగురా? అది తేల్చండి.