కాగితం వంతెన నిలబడటం లేదు, ఏం చేయాలి?

గోదారి గట్టు:
మాది రాజమండ్రి. పాప నాలుగో తరగతి. పోయిన పుట్టినరోజుకి 1,200 పెట్టి ఇంజనీరింగ్ కిట్ ఒకటి కొన్నాం. రెండు రోజులు ఆడింది. ఇప్పుడు ఊడ్చినప్పుడల్లా సోఫా కింద నుంచి దాని ముక్కలు వస్తున్నాయి. ఇంక కొనేది లేదు, ఇంట్లో కాగితాలతోనే ఏదైనా కట్టమన్నాను. రెండు పుస్తకాల దొంతరల మధ్య ఏ4 కాగితం పరిచి వంతెన అంది. రూపాయి బిళ్ళలు రెండు పెట్టేసరికి జారి కింద పడింది. నాలుగు కాగితాలు కలిపి అంటించమని సలహా ఇచ్చింది నేనే. జిగురు ఆరకముందే పెట్టింది, ఈసారి బిళ్ళ పెట్టకుండానే వంగిపోయింది. "కాగితంతో వంతెనలు అవ్వవమ్మా" అని అలిగి కూర్చుంది. నేను చదివింది బి.కాం. గ్రీటింగ్ కార్డులూ పడవలూ కాకుండా నిజంగా ఏమైనా నేర్పే పనులుంటే చెప్పండి.

చాక్‌పీసు మాస్టారు:
అమ్మా, ముందు ఆ జిగురు సీసా అటకెక్కించండి. తడిసిన కాగితానికి బలం ఉండదు. పైగా మీరు బరువు పెంచారు గానీ ఆకారం మార్చలేదు.

జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాడిని. ప్రతి ఏడాదీ ఆరో తరగతికి మొదటి వారం ఇదే పని పెట్టేవాణ్ణి. ఒక్క ఏ4 కాగితం తీసుకుని విసనకర్రలా మడతలు పెట్టించండి. ఒక్కో మడత వేలి వెడల్పు ఉంటే చాలు. దొంతరల మధ్య జానెడు ఖాళీ ఉంచి దాని మీద పెట్టండి. బిళ్ళలు మడతల్లోకి జారిపోతాయి కాబట్టి పైన పాత పెళ్ళి కార్డు ముక్క ఒకటి వేయండి. తర్వాత పాపనే లెక్కపెట్టుకోనివ్వండి.

ఒక్క చోట పిల్లలందరూ తప్పు చేస్తారు. మడతలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళాలి. మా క్లాసులో ఒకడు అడ్డంగా పెట్టాడు, వంతెన హార్మోనియం తిత్తిలా సాగి పడిపోయింది. చెప్పకండి. పాపని కూడా పడేసుకోనివ్వండి. పడ్డాక వీధిలోకి తీసుకెళ్ళి ఏదో ఒక షెడ్డు మీద సిమెంటు రేకు చూపించండి. ఆ అలలు ఎందుకున్నాయో, ఎటు నుంచి ఎటు వెళ్ళాయో చూడమనండి. మడత పెడితే కాగితానికి ఎత్తు వస్తుంది, ఎత్తున్నది తేలిగ్గా వంగదు. స్కేలుని పడుకోబెట్టి వంచితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి వంచమనండి, చూద్దాం.

రెండో పని స్తంభాలు. ఒకే కొలత కాగితాలు మూడు. ఒకటి గొట్టంలా చుట్టి టేపు వేయండి, ఒకటి నాలుగు పలకలుగా, ఒకటి మూడు పలకలుగా మడవండి. నిలబెట్టి మీద నోటుపుస్తకాలు పేర్చండి. సాధారణంగా గుండ్రటిదే ఎక్కువ మోస్తుంది, ఎందుకంటే బరువు చుట్టూ సమంగా పడుతుంది. పలకలున్నవాటిలో చదును భాగం ముందు లోపలికి సొట్టపోతుంది. తర్వాత గుండ్రటి గొట్టాన్నే సగం ఎత్తుకి కత్తిరించి చూడండి. పొడుగు చీపురుపుల్లని పైనుంచి నొక్కితే విల్లులా వంగుతుంది, అందులో బెత్తెడు ముక్క విరిచి నొక్కితే వంగదు. సంగతంతా ఇంతే.

ఇవి కుదిరాక న్యూస్ పేపరు కర్రలు. పేపరు మూల నుంచి ఐమూలగా, సన్నటి పుల్ల చుట్టూ బిగించి చుట్టి చివర టేపు వేయాలి. కొసలు రెండూ పల్చగా ఉంటాయి, కత్తిరించేయండి. వదులుగా చుట్టిన కర్ర పనికిరాదు. నాలుగు కర్రలతో చతురస్రం కట్టి పక్క నుంచి తొయ్యమనండి, ఒరిగిపోతుంది. ఐమూలగా ఇంకో కర్ర కట్టగానే బిగుసుకుంటుంది. త్రిభుజం ఒరగదు, కర్ర విరగాలి లేదా ముడి ఊడాలి.

మీ ఊళ్ళో ఇంతకన్నా పెద్ద పాఠం గోదావరి మీదే ఉంది. 1974లో వచ్చిన రోడ్ కం రైలు వంతెన మీద రైల్లో వెళ్తే కిటికీ పక్కన ఏటవాలు ఇనుప దూలాలు దాటుతుంటాయి, అవన్నీ త్రిభుజాలే. 1997 నాటి ఆర్చి వంతెనది వేరే కథ, దాని కాంక్రీటు విల్లు నుంచి కింది పలక వేలాడుతుంది. రెండూ చూపించి తేడా ఏంటో అడగండి. తొందరపడి మీరే జవాబు చెప్పొద్దు.

సైటు మనిషి:
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. హైదరాబాదులో పన్నెండేళ్ళుగా సైట్ల మీదే ఉన్నాను. పిల్లలకి మెటీరియల్ లెక్క లేకుండా వదిలేస్తే టేపుతోనే వంతెన కడతారు! మా వాడు కట్టిన టవర్లో కాగితం కన్నా టేపే ఎక్కువ. అందుకే ముందే చెప్పాలి: ఒక్క కాగితం, జానెడు టేపు, అంతే. 75 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు) ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు కూడా ఉండదు. అది ఎన్ని రెట్లు మోసిందో వంటింటి త్రాసుతో తూచి రాసుకోమనండి, ఆట కాస్తా లెక్కవుతుంది. కూలాక ఎక్కడ విరిగిందో బొమ్మ గీయించండి. ఎక్కువగా కర్ర విరగదు, అతుకు ఊడుతుంది. మా సైట్లలోనూ భయమంతా అతుకుల దగ్గరే.

కాగితంతో అవ్వదని అలిగిందన్నారు కదా, జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ కట్టినవి చూపించండి. 2001 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో కాగితపు గొట్టాలతో ఇళ్ళు కట్టాడాయన. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో అట్టగొట్టాల చర్చి కూడా ఆయనదే, 2013లో తెరిచారు.

బీచ్ రోడ్డు:
వైజాగ్ వాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. రాత్రి కట్టి పొద్దున చుట్టాలకి చూపిద్దామనుకోకండి. తేమకి మా టవర్ తెల్లారేసరికి నమస్కారం పెడుతూ కనిపించింది.

గోదారి గట్టు:
మాస్టారూ, మీరన్నట్టే మొదట అడ్డంగానే పెట్టింది! నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమైందో. రేకు చూపించడానికి వీధిలోకి వెళ్ళక్కర్లేకపోయింది, పక్కింటి బైక్ షెడ్డు మా కిటికీలోంచే కనిపిస్తుంది. కాసేపు దాన్నే చూసి, లోపలికొచ్చి కాగితం తిప్పి పెట్టింది. 62 రూపాయి బిళ్ళలు మోసింది. ఇంకా పడలేదు. హుండీ ఖాళీ అయింది. చిల్లర అడగడానికి ఇప్పుడే పక్కింటి అత్తయ్యగారింటికి వెళ్ళింది.