ఏడాది బాబు పొడవు నెలలో 0.8 సెం.మీ. తగ్గింది! చార్టులో ఏం రాయాలి?

తూకంబల్ల (ప్రశ్న):
సరిగ్గా 12 నెలలు నిండిన బాబు. బరువు 8.0 కిలోలు, పొడవు 70.4 సెం.మీ., జబ్బ చుట్టుకొలత 12.4 సెం.మీ. పోయిన నెల కూడా బరువు 8.0 కిలోలే, పొడవు మాత్రం 71.2. వయసుకు తగ్గ బరువు చూస్తే చుక్క మైనస్ 2 గీతకు (చార్టులో దీని కిందికి దిగితే బాగా తక్కువని లెక్క) పైనే ఉంది. పొడవు చుక్క గీత కిందికి దిగింది. జబ్బ టేపు పసుపు, అంటే హద్దుకు తక్కువని చూపిస్తోంది. మూడు కొలతలూ మూడు మాటలు చెబుతున్నాయి. గిడసబారాడని (వయసుకు పొడవు తక్కువని) రాయాలా, బక్కచిక్కాడని (పొడవుకు బరువు తక్కువని) రాయాలా?

కొలబద్ద:
పిల్లల పొడవు తగ్గదు కదండీ. రెండు కొలతల్లో ఒకటి తప్పు, లేదా రెండూ తప్పే. అది తేలకుండా చార్టు జోలికి పోవద్దు.

పడుకోబెట్టి కొలిచేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు తలవైపు నిలబడి, మాడు కొలబల్ల తలవైపు పలకకు ఆనేలా, చూపు నిటారుగా పైకి ఉండేలా రెండు చేతులతో తల పట్టుకోవాలి. రెండోవారు ఒక చేత్తో మోకాళ్లను మెల్లగా అదిమి, ఇంకో చేత్తో కాలిపలకను అరికాళ్లకు జరపాలి. పాదం పూర్తిగా పలకకు ఆని, వేళ్లు పైకి ఉండాలి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి: బాబు కాలివేళ్లు ముందుకు సాచితే పలక వేళ్ల దగ్గరే ఆగి కొలత ఎక్కువొస్తుంది. తల పలకకు దూరమైనా ఎక్కువే. మోకాలు వంగితే తక్కువ. నడినెత్తిన పిలక కట్టి ఉంటే విప్పండి.

బాబును పలక మీంచి తీసి, మళ్లీ పడుకోబెట్టి రెండోసారి కొలవండి. రెండింటికీ 0.7 సెం.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే రెండూ కొట్టేసి మొదటినుంచి కొలవడమే. లేకపోతే సగటు రాయండి.

జబ్బకూ అంతే. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర లంబంగా మడిచి, భుజం చివరి ఎముక నుంచి మోచేతి కొన వరకు కొలిచి, సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టాలి. టేపు చుట్టేటప్పుడు మాత్రం చెయ్యి వదులుగా కిందికి వేలాడాలి. టేపు చర్మాన్ని నొక్కితే ఒకట్రెండు మిల్లీమీటర్లు ఇట్టే తగ్గుతాయి. మీ 12.4కు, హద్దు 12.5కు ఉన్న తేడా ఆ ఒక్క మిల్లీమీటరే!

చార్టుపిచ్చి:
కొలతలు సరైనవే అనుకున్నా వాటిలో వైరుధ్యం ఏమీ లేదు. ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది. 12 నెలల మగపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 చార్టులో మైనస్ 2 గీత బరువుకు 7.7 కిలోల దగ్గర, పొడవుకు 71.0 సెం.మీ. దగ్గర ఉంటుంది. బాబు బరువులో దాటాడు, పొడవులో ఆగాడు. 70.4 సెం.మీ. పొడవుకు 8.0 కిలోలంటే మైనస్ 1 గీతకు కాస్త పైనే, కాబట్టి పొడవుకు తగ్గ బరువుంది. పొట్టిగా ఉన్న పిల్లలకు ఈ లెక్క బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఏదో ఒక్క లెక్కే చూసి 'బాగానే ఉన్నాడు' అనేయడం నాకు నచ్చదు.

జబ్బ కొలత వేరే దారి. 6 నుంచి 59 నెలల పిల్లల్లో 11.5 కంటే తక్కువైతే తీవ్ర పోషకలోపం, 11.5 నుంచి 12.4 వరకు ఒక మోస్తరు పోషకలోపం. పొడవుకు తగ్గ బరువుతో ఇది ఎప్పుడూ కలవాలని లేదు. చిన్న వయసు, పొట్టి పిల్లలు దీనికి ఎక్కువగా దొరుకుతారు. రెండింట్లో ఏ ఒక్కటి హద్దు కింద ఉన్నా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

రెండు ప్రశ్నలు. రెండు పాదాల మీదా బొటనవేలితో 3 సెకన్లు నొక్కి చూశారా? రెండు వైపులా సొట్ట నిలిస్తే అది పోషకలోపపు వాపు కావచ్చు, అప్పుడు తూకాన్ని నమ్మలేం, వెంటనే డాక్టరుకు చూపించాలి. రెండోది, బాబు నెలలు నిండాకే పుట్టాడా?

తూకంబల్ల:
వాపు లేదు. 34 వారాలకే పుట్టాడు. ఈ రోజు మళ్లీ కొలిస్తే పొడవు 70.5, 70.7 వచ్చింది. జబ్బ గుర్తు పెట్టి కొలిస్తే 12.6.

చార్టుపిచ్చి:
ఈ ముక్క ముందే చెప్పాల్సిందండీ! 40లోంచి 34 తీసేస్తే 6 వారాలు, అంటే సుమారు నెలా పది రోజులు. చార్టులో చుక్క పెట్టాల్సింది 12 నెలల దగ్గర కాదు, పదిన్నర దాటిన చోట. మగపిల్లల పొడవుకు మైనస్ 2 గీత 10 నెలలకు 68.7, 11 నెలలకు 69.9. మీ సగటు 70.6 దానికి పైనే ఉంది. గిడసబారాడని రాయొద్దు. ఈ సవరణ రెండేళ్లు నిండేదాకా బరువుకు, పొడవుకు, తల చుట్టుకొలతకు అన్నిటికీ చేయాలి. పొడవుకు తగ్గ బరువులో వయసే రాదు, జబ్బ హద్దు 59 నెలల దాకా ఒకటే. ఆ రెండూ మారవు.

కొలబద్ద:
అయితే పోయిన నెల 71.2 తప్పు, బహుశా కాలివేళ్లు సాచి ఉంటాడు. ఆ చుక్కను చెరిపేయకుండా పక్కన 'అనుమానం' అని రాయండి.

బరువు కదలకపోవడం మాత్రం తేలిగ్గా వదిలే విషయం కాదు. ఈ వయసులో నెలకు సుమారు 200 గ్రాములే పెరుగుతారు. స్కేలు గీతలు 100 గ్రాములవైతే, తడిసిన డైపరుతో తూచినా ఆ పెరుగుదల సగం మాయమైపోతుంది లేదా లేనిది కనిపిస్తుంది. సున్నా సరిచేసి, బట్టలు విప్పి, అదే స్కేలు మీద రెండు వారాల్లో మళ్లీ తూచండి. ఈ నెలలో జ్వరం, విరేచనాలు వచ్చాయేమో, రోజుకు ఎన్నిసార్లు ఎంత చిక్కటి ఆహారం పెడుతున్నారో తల్లిని అడగండి. అప్పటికీ గీత అడ్డంగానే ఉంటే చుక్క ఎక్కడుందన్నది పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు పంపండి. జబ్బ 12.6 అంటే హద్దు దాటాడు గానీ అంచునే ఉన్నాడు. తూచినప్పుడల్లా అదీ కొలవండి.

ఇంకోటి, కార్డు మీద పుట్టిన తేదీ పక్కనే కాన్పు కావాల్సిన తేదీ కూడా రాసి పెట్టండి. వచ్చే నెల ఇంకెవరైనా కొలిస్తే చుక్క మళ్లీ 13 నెలల దగ్గరే పడుతుంది.