కార్బన్ పన్ను పోయింది సరే, కెనడాలో ఇక వాతావరణ విధానానికి దిక్కెవరు?

మిసిసాగా మామయ్య (చర్చ మొదలుపెట్టినవారు):

వాతావరణాన్ని వేడెక్కించే ఉద్గారాలు తగ్గించడానికి పెట్రోలు, డీజిల్, గ్యాసు లాంటి ఇంధనాల మీద కేంద్రం వేసిన కార్బన్ పన్ను 2025 ఏప్రిల్ 1న పోయింది. పెట్రోలు మీద అది లీటరుకు 17.6 సెంట్లు. మాజీ ప్రధాని ట్రూడో తెచ్చిన ఆ పన్నును ఆయన లిబరల్ పార్టీకే చెందిన మార్క్ కార్నీ, ప్రధానిగా ప్రమాణం చేసిన రోజే రద్దు చేస్తూ సంతకం పెట్టారు. ఏప్రిల్ నెలాఖరులో జరిగిన ఎన్నికల్లో గెలిచారు కూడా. 'పన్ను నరికేస్తాం' అంటూ ఊరూరా తిరిగిన కన్సర్వేటివ్ నాయకుడు పియర్ పొయిలీవ్ మాత్రం సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు. పాపం, ఆయన పెంచిన పంటను వేరొకరు కోసుకుపోయారు.

మన వాళ్లలో చాలామంది పీడ విరగడైందన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ పన్ను పోవడంతో ఆ డబ్బులోంచి ప్రభుత్వం మూడు నెలలకోసారి కుటుంబాల ఖాతాలో తిరిగి వేసే రీబేటు కూడా పోయింది. అంతకన్నా నాకు దిగులు కలిగించేది ఇది: కంటికి కనిపించే పన్ను పెడితే ఓడిపోతామని అన్ని పార్టీలకూ తెలిసిపోయింది. ఇకమీదట ఏ ప్రభుత్వమైనా వాతావరణం కోసం జనాన్ని నేరుగా ఏదైనా అడిగే ధైర్యం చేస్తుందా? అభిప్రాయాలు చెప్పండి. వాదించండి, తిట్టుకోకండి.

కాల్గరీ చలి:

మామయ్య గారూ, మైనస్ ముప్పైలో ఉండేవాళ్లతో ఈ మాట అనండి చూద్దాం. ధర పెరిగితే వాడకం తగ్గుతుందన్నది సిద్ధాంతం. జనవరిలో ఫర్నేసు ఆపి దుప్పట్లు కప్పుకుని కూర్చోమంటారా? 2024లో గ్యాసు ధర బాగా పడిపోయినప్పుడు మా బిల్లులో అసలు గ్యాసు కన్నా కార్బన్ పన్నే ఎక్కువ ఉండేది. దాని మీద మళ్లీ జీఎస్టీ. పన్నుకు పన్ను!

దాన్నైనా భరించేవాళ్లం. కానీ 2023 అక్టోబరులో ఏం జరిగింది? ఇళ్లు వెచ్చబెట్టుకునే నూనెకు మూడేళ్ల మినహాయింపు ఇచ్చారు. ఆ నూనె ఎక్కువగా వాడేది తూర్పు తీరంలోని అట్లాంటిక్ రాష్ట్రాల వాళ్లు, అక్కడ లిబరల్ ఎంపీలు ఎక్కువ. సహజవాయువు వాడే మాకు ఏమీ లేదు. అదేమని అడిగితే, మా అల్బెర్టా లాంటి ప్రెయిరీ రాష్ట్రాల వాళ్లు కూడా లిబరల్‌లను ఎక్కువమందిని గెలిపించుకోవాలన్నట్టు ఒక మంత్రి టీవీలోనే మాట్లాడారు. మా పక్క రాష్ట్రం సస్కాచెవాన్ ప్రభుత్వం 2024 జనవరి నుంచి ఇళ్ల గ్యాసు మీద ఆ పన్ను వసూలు చేయడమే మానేసింది. నన్నడిగితే పన్ను చచ్చింది 2023లోనే. 2025లో జరిగింది దహనసంస్కారం.

ఇంకో సంగతి. ప్రపంచ ఉద్గారాల్లో కెనడా వాటా ఒకటిన్నర శాతం లోపు. మనం ఫర్నేసులు ఆపినంత మాత్రాన ధ్రువాల మంచు కరగడం ఆగదు.

లెక్కల మాస్టారు:

కోపం సరే, కాగితం మీద పెట్టి చూద్దాం. కాల్గరీలో నలుగురున్న కుటుంబం అనుకోండి. 2024-25లో వాళ్లకు వచ్చిన రీబేటు ఏడాదికి 1,800 డాలర్లు. ఫర్నేసుకు, వేడినీళ్లకు కలిపి ఏడాదికి 120 గిగాజౌల్‌ల (బిల్లులో గ్యాసును కొలిచే యూనిట్) గ్యాసు వాడారనుకుంటే, గిగాజౌల్‌కు దాదాపు 4 డాలర్ల చొప్పున 480. రెండు కార్లకు కలిపి 3,000 లీటర్ల పెట్రోలు పోశారనుకుంటే 528. జీఎస్టీ ఇంకో 50. అన్నీ కలిపినా 1,060 దాటదు. మిగిలేది 700 డాలర్ల పైనే. ధరల్లో కలిసి పరోక్షంగా మీద పడే భారం తీసేసినా చాలా ఇళ్లకు నష్టం లేదు.

ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా పరిశీలించే పార్లమెంటు బడ్జెట్ అధికారి నివేదికను ఎవరో ఒకరు ఎలాగూ తెస్తారు కాబట్టి నేనే చెబుతాను. కట్టిన పన్నును, వచ్చిన రీబేటును పోలిస్తే ఎక్కువ కుటుంబాలకు లాభమేనని ఆయన మొదటినుంచీ చెబుతున్నారు. ఉద్యోగాల మీద, పెట్టుబడుల మీద పడే దెబ్బ కూడా కలిపితే నష్టమని వేసినది రెండో లెక్క. అందులో పెద్ద పరిశ్రమలు తమ ఉద్గారాలకు విడిగా కట్టే కార్బన్ ధరను కూడా పొరపాటున కలిపేశామని 2024లో ఆ కార్యాలయమే ప్రకటించి, అక్టోబరులో సవరించింది. నష్టం అంచనా బాగా తగ్గింది. పొయిలీవ్ ప్రసంగాల్లో మాత్రం పాత అంకెలే తిరిగాయి.

మరి జనానికి లాభం ఎందుకు కనబడలేదంటే, కట్టేది వారం వారం బంకులో, అందేది మూడు నెలలకోసారి బ్యాంకులో. అదీ చాలాకాలం అర్థంకాని పేర్లతో పడేది. అది జీఎస్టీ క్రెడిట్టో, పిల్లల భత్యమో, ఇంకేదో తెలియక ఎంతమంది ఖర్చుపెట్టేశారో! ఇంత మంచి పథకాన్ని ఇంత చేతకానితనంగా నడిపిన ప్రభుత్వాన్ని నేను చూడలేదు.

లారీ స్టీరింగ్:

మాస్టారూ, మీ కాగితం మీద కుటుంబం ఉంది, లారీ లేదు. డీజిల్ మీద లీటరుకు 21.4 సెంట్లు వేశారు. టొరంటో నుంచి విన్నిపెగ్ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. బరువుతో నూరు కిలోమీటర్లకు నలభై లీటర్లు తాగుతుంది. ఒక్క వైపుకే 170 డాలర్లు పన్నుకు పోయేవి. అది కిరాయిలో వేస్తే పని ఇంకొకడికి పోతుంది, వేయకపోతే నా జేబులోంచి పోతుంది.

చిన్న వ్యాపారాలకు తిరిగి ఇస్తామన్న డబ్బు 2019 నుంచి ఊరించి ఊరించి 2024 డిసెంబరులో ఇచ్చారు. అదీ ఉద్యోగుల సంఖ్యను బట్టి. సొంత లారీ సొంతంగా నడుపుకునేవాడి దగ్గర ఉద్యోగి ఎక్కడినుంచి వస్తాడు? నాకు సున్నా.

పన్ను తీశాక ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 2.3 నుంచి 1.7 శాతానికి దిగింది. ఇదీ ఒక లెక్కే కదా.

లెక్కల మాస్టారు:

లెక్కే. కానీ అది ఒక్కసారి దిగే మెట్టు. ఈ పన్ను వల్ల ఏటా ద్రవ్యోల్బణానికి కలిసింది 0.15 శాతమేనని కెనడా కేంద్ర బ్యాంకు గవర్నరే చెప్పారు. మీ లారీ విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది అన్యాయమే.

నిర్వాహకులు:

ఒక సందేశం తొలగించాం. ఎవరు ఏ ప్రాంతం నుంచి వచ్చారో, ఏ కులమో ఈ చర్చకు అక్కర్లేదు.

పిల్లకాలువ:

బ్రిటిష్ కొలంబియా (బీసీ) రాష్ట్రంలో, వ్యాంకూవర్ దగ్గర ఉంటాను. 2021 జూన్‌లో ఇక్కడ వేడికి చనిపోయినవాళ్లు 619 మంది అని మా రాష్ట్ర మరణ విచారణాధికారి తేల్చారు. ఎక్కువమంది పెద్దవాళ్లు, ఒంటరిగా, ఏసీ లేని ఇళ్లలో. మా రాష్ట్రంలోనే లిట్టన్ అనే ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. రెంటచింతలలో, రామగుండంలో పెరిగినవాళ్లకు కూడా అది మామూలు వేడి కాదు. మర్నాడు ఆ ఊరే తగలబడింది. ఒకటిన్నర శాతం వాదన విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తలసరి చూస్తే మనం ఏడాదికి దాదాపు 17 టన్నులు, భారతదేశంలో మన వాళ్లు సుమారు 3 టన్నులు. అక్కడున్న నా తోబుట్టువులకు మనం ఏ ముఖంతో చెబుతాం, మాది చిన్న వాటా అని?

ఇక మామయ్య గారి ప్రశ్న. ఈ పన్ను చచ్చిపోయిందని ఏడ్చేముందు దాని చరిత్ర చూడండి. ఉత్తర అమెరికాలో ఇలాంటి పన్నును అందరి మీదా వేసిన తొలి ప్రభుత్వాల్లో మాది ఒకటి. 2008 జులై 1న టన్నుకు 10 డాలర్లతో మొదలుపెట్టింది గోర్డన్ క్యాంప్‌బెల్. పేరుకు బీసీ లిబరల్ అయినా ఆయనది వ్యాపారవర్గం వైపు మొగ్గే పార్టీ. వచ్చిన డబ్బంతా ఇతర పన్నులు తగ్గించడానికి, పన్ను క్రెడిట్లకు వాడారు. 2009 ఎన్నికల్లో దాన్ని నరికేయాలన్న నినాదం ఎత్తింది ఎవరనుకున్నారు? వామపక్షమని చెప్పుకునే న్యూ డెమొక్రాటిక్ పార్టీ, ఎన్‌డీపీ! ఓడిపోయింది. తర్వాత 2017లో అధికారంలోకి వచ్చి అదే ఎన్‌డీపీ పన్ను పెంచుకుంటూ పోయింది. చివరికి 2025 ఏప్రిల్ 1న ఎత్తేసింది కూడా అదే ఎన్‌డీపీ.

దేశస్థాయిలోనూ ఇదే తంతు. 2008లో లిబరల్ నాయకుడు స్టెఫాన్ డియోన్ కార్బన్ పన్నుతో ఎన్నికలకు వెళ్లి చిత్తుగా ఓడారు. 2021లో కన్సర్వేటివ్ నాయకుడు ఎరిన్ ఓటూల్ తన ప్రణాళికలోనే కార్బన్ ధర పెట్టారు. పార్టీలకు దీని మీద సిద్ధాంతం ఉందని నేను నమ్మను. గాలి ఎటు వీస్తే అటు. గాలి మళ్లీ మారుతుంది.

కాల్గరీ చలి:

ఉద్వేగం అర్థమైందండీ. మాకూ కష్టాలున్నాయి. 2024 ఆగస్టులో వడగళ్లు మా ఇంటి పైకప్పును జల్లెడ చేశాయి. తర్వాత బీమా వాళ్లు ప్రీమియం పెంచిన తీరు చూస్తే కార్బన్ పన్నే నయమనిపించింది. అయినా నా మాట మారదు: బరువు మోయగలిగినవాడి మీద పెట్టండి. పెద్ద పరిశ్రమల ఉద్గారాలకు ధర కట్టిన మొదటి రాష్ట్రం అల్బెర్టానే, 2007లోనే. అది ఇప్పటికీ ఉంది. 2030 నాటికి జరగబోయే తగ్గింపులో పరిశ్రమల ధర వల్ల వచ్చేది 20 నుంచి 48 శాతం, మనం కట్టిన పన్ను వల్ల వచ్చేది 8 నుంచి 14 శాతమని కెనడియన్ క్లైమేట్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ 2024లో అంచనా వేసింది. అసలు పని అక్కడ జరుగుతుంటే బంకులో మమ్మల్ని ఎందుకు గిల్లాలి?

మిసిసాగా మామయ్య:

అసలు పని అక్కడ జరుగుతోందా? 2025 మేలో మీ రాష్ట్రమే పరిశ్రమల ధరను టన్నుకు 95 డాలర్ల దగ్గర ఆపేసింది. ఉద్గారాలు బాగా తగ్గించిన కంపెనీలకు దక్కే క్రెడిట్లను మిగతా కంపెనీలు కొనుక్కోవచ్చు; బజారులో అవి అమ్ముడయ్యేది అందులో సగానికి కూడా కాదు. నవంబరు 27న కార్నీ, మీ ప్రీమియర్ (రాష్ట్ర ముఖ్యమంత్రి) డానియెల్ స్మిత్ ఒప్పందం కుదుర్చుకున్నారు: ధరను నిజంగా 130 డాలర్లకు చేరుస్తారట. బదులుగా పసిఫిక్ తీరానికి కొత్త చమురు పైప్‌లైన్‌కు దారి, కరెంటు తయారీలో ఉద్గారాలు తగ్గించాలన్న కేంద్రం నిబంధనలకు అల్బెర్టాలో విరామం. ఆ రోజే స్టీవెన్ గిల్బో మంత్రి పదవి వదిలేశారు. పర్యావరణ ఉద్యమం నుంచి వచ్చిన మనిషి ఇమడలేకపోయారు.

నా భయం ఇదే. పరిశ్రమల ధర జనానికి కనబడదు కాబట్టి దాని మీద కోపం ఉండదు, నిజమే. కానీ దాన్ని సడలించినా ఎవరికీ తెలియదు. బంకులో సెంటు పెరిగితే దేశం ఊగిపోయింది. క్రెడిట్ల ధర సగానికి పడిపోతే ఒక్క వాట్సాప్ గుంపులోనైనా చర్చ జరిగిందా? పొయిలీవ్ 2025 మార్చిలోనే, పరిశ్రమల మీద కేంద్రం ధరను కూడా తీసేస్తానన్నారు. అప్పుడు దాన్ని కాపాడటానికి వీధిలోకి ఎవరొస్తారు? రీబేటు అందుకున్న మనమే రాలేదు.

మా అంటారియో సంగతి మరీ విచిత్రం. ఇక్కడ క్యూబెక్, కాలిఫోర్నియాలతో కలిసిన సొంత ఉద్గారాల మార్కెట్టు, అంటే కంపెనీలు ఉద్గారాల అనుమతులు కొని అమ్ముకునే ఏర్పాటు, ఉండేది. 2018లో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ దాన్ని రద్దు చేశారు. అందుకే కేంద్రం పన్ను మా నెత్తిన పడింది. పడ్డాక, ఆ పన్నును చూడండంటూ ప్రతి బంకులో స్టిక్కరు అంటించాలని చట్టం చేశారు. 2020లో కోర్టు కొట్టేసింది. అంతకుముందే సగం ఊడిపోయాయి, జిగురు సరిగ్గా లేదు. క్యూబెక్‌లో ఆ మార్కెట్టు ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ పెట్రోలు ధరలో కార్బన్ ధర ఇవాళ్టికీ ఉంది. ఎవరూ కిక్కురుమనరు.

లారీ స్టీరింగ్:

మాంట్రియల్లో డీజిల్ పోయించుకునేవాణ్ణి, నేను కిక్కురుమంటున్నాను. రాసుకోండి.

పిల్లకాలువ:

రాసుకున్నాం. మరి మీ లారీకి ఏం చేస్తే ఒప్పుకుంటారో అది కూడా చెప్పండి. నిజంగానే అడుగుతున్నాను.

లారీ స్టీరింగ్:

రెండు చెబుతాను. కట్టించుకున్నది కట్టినవాడికే ఇవ్వాలి, ఐదేళ్లకు కాదు, ఆ నెలలోనే, బంకు రసీదు చూసి. రెండోది, బ్యాటరీ లారీ కొనమంటున్నారు కదా, విన్నిపెగ్ వెళ్లే థండర్ బే దారిలో మైనస్ ముప్పై ఐదులో ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలో ముందు చూపించాలి. ఈ రెండూ చేశాక పన్ను వేసుకోమనండి. అప్పుడు కూడా తిడతాను గానీ, ఓటు దాని మీద వేయను.