తఫులియే పూసలు: ఎర్ర గుల్లను ఎంతవరకు కాల్చాలి?

సొలొమన్ దీవుల్లో, మలైటా పడమటి తీరాన లంగలంగ మడుగు జనం చేసే పది పేటల గుల్లల డబ్బు తఫులియే. కన్యాశుల్కానికి, తగవుల్లో పరిహారానికి ఇప్పటికీ ఇస్తారు. దాని తయారీ తెలిసినవాళ్లు సాయం చేయండి, ప్రదర్శన కోసం ఒక్క పేట చేస్తున్నాం.

తెల్ల పూసలతో ఇబ్బంది లేదు. అక్కడ వాడే ఆనడారా గ్రానోసా గుల్ల మన కాకినాడ తీరంలోనూ దొరుకుతుంది. సుత్తితో ముక్కలు కొట్టి, తడిరాయిపై రెండు వైపులా చదును చేసి, రెండు వైపుల నుంచీ సగం సగం బెజ్జం వేస్తే పగలదు. ఒకే వైపు నుంచి తొలిస్తే అవతలి పక్క పెచ్చు లేస్తుంది.

చిక్కంతా రోము అనే ఎర్ర గుల్లతోనే. విలువ ఎక్కువ దానికే. వేడిరాతి మీద పెడితే నారింజ రంగు ముదిరి ఎరుపెక్కాలి. మాకు మాత్రం అంచులు బూడిద రంగుకు తిరిగి, గోరు తగిలితే పొడి రాలుతోంది. చదును చేశాక కాల్చాలా, ముందే కాల్చాలా? బెజ్జం వేసేది కాల్చకముందా, తర్వాతా? రాతిపైనుంచి తీయాల్సిన అదను దేన్నిబట్టి తెలుస్తుంది?

ఇంకొకటి. పూసలను తీగకు గుచ్చి, గాడి ఉన్న రాతిపై నీళ్లు పోస్తూ రుద్దుతుంటే కొన్ని కోలగా అరుగుతున్నాయి. తీగ వదులా, గాడి వెడల్పా? మీరు వాడే తీగ మందం, గాడి లోతు మిల్లీమీటర్లలో చెప్పగలరా?