9 రోజులు, 82 నిమిషాలు: రీఫండ్ అడగాలా, ప్యాచ్ కోసం ఆగాలా?

కొర్లగుంట_కుర్రోడు

అన్నలూ, మాది తిరుపతి. ఈ నెల విడుదలైన ఆ పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌ను మొదటి రోజే స్టీమ్ అనే గేముల ఆన్‌లైన్ అంగట్లో 2,999 రూపాయలు పెట్టి కొన్నాను. ఇవాళ్టికి 9 రోజులు. స్టీమ్ లెక్కలో ఆడింది 82 నిమిషాలు. అందులో 25 నిమిషాలు "షేడర్లు సిద్ధమవుతున్నాయి" (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) అన్న గీత చూస్తూ కూర్చోవడానికే సరిపోయింది.

పీసీ: ఐ7-13700కె, ఆర్టీఎక్స్ 4070 12 జీబీ, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11.

సమస్యలు రెండు. రెండో అధ్యాయంలో రాతి వంతెన దాటగానే గేమ్ మూసుకుపోతుంది, వీడియో మెమరీ చాలలేదని ఒక డబ్బా వస్తుంది. కార్డు వాడకం చూపే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాములో చూస్తే కార్డు వాడింది 7 జీబీనే. మళ్లీ తెరిస్తే చివరి ఆటోసేవ్ (గేమ్ తనంతట తానే దాచే ఆట ఫైల్) లోడ్ కాదు. ఫోల్డర్లో దాని సైజు 0 కేబీ అని ఉంది.

కంపెనీ వాళ్లేమో "సమస్య మా దృష్టికి వచ్చింది, పరిశీలిస్తున్నాం, గురువారం పసిఫిక్ టైమ్ (అమెరికా పడమటి తీరం) ఉదయం 10కి ప్యాచ్ (తప్పులు సరిచేసే అప్‌డేట్)" అని పెట్టారు. గురువారానికి నాకు 12వ రోజు. ఇక్కడ ఒక అంగట్లో అడిగితే గ్రాఫిక్స్ కార్డు పోయింది, మార్చాలి అంటున్నారు. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, కొత్తది వేసి చూడమంటారా, రీఫండ్ పెట్టేయమంటారా? ఎండలకు వేడెక్కి ఇట్లా అవుతుందేమో అని కూడా అనుమానం.

రేణిగుంట_రిగ్

తమ్ముడూ, ముందు గేమ్ తెరవడం ఆపు. డ్రైవర్ జోలికి ఇప్పుడు పోవద్దు.

స్టీమ్ నియమం తెలిసిందే: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉంటే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. చాలామందికి తెలియంది ఏమంటే, షేడర్ల గీత కదిలే సమయం కూడా ఆడినట్టే లెక్క. నీకు మిగిలింది 38 నిమిషాలు. డ్రైవర్ మార్చావంటే పాత షేడర్లు పనికిరావు, గేమ్ తెరవగానే మళ్లీ మొదటినుంచి కంపైల్ (తయారు) అవుతాయి. 38లో 25 అక్కడే పోతాయి. గంటకు ఒక డ్రైవర్ మార్చి చూసి, రెండు గంటలు దాటించుకుని, తర్వాత రీఫండ్ రాలేదని బాధపడేవాళ్లు ప్రతి విడుదలకూ కనబడతారు.

గేమ్ తెరవకుండా చేసేవన్నీ ముందు ముగించు. లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, ఆడ ఫైళ్లు సరిచూసే బటన్ ఉంటుంది. దానికి నిమిషాలు ఖర్చు కావు. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తప్పులు రాసుకునే చిట్టా), బయాస్ (మదర్‌బోర్డు సెట్టింగులు), పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడే చోటు), ఇవన్నీ కూడా అంతే.

అంగడివాళ్ల మాట మీద కార్డు మార్చొద్దు. వేడి సంగతి: సీపీయూ 100 డిగ్రీలు తాకితే స్పీడు తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి. గేమ్ ఒక్కటే, ప్రతిసారీ అదే వంతెన దగ్గర మూసుకుపోవడం వేడి లక్షణం కాదు. కరెంటు ఎగుడుదిగుడైతే పీసీ మొత్తం రీస్టార్ట్ అయి, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని పడుతుంది. నీది డెస్క్‌టాప్‌కు వస్తోంది కాబట్టి ఆ రెండూ పక్కన పెట్టు.

బయట వెబ్‌సైట్లలో కోడ్ కొన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే: మీకు స్టీమ్ రీఫండ్ ఇవ్వదు, అమ్మినవాళ్లనే అడగాలి. వాళ్లు పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అలిపిరి_హార్డ్‌వేర్

వీడియో మెమరీ చాలలేదన్న ఆ డబ్బా మాటను యథాతథంగా నమ్మొద్దు. అన్‌రియల్ ఇంజన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద కట్టిన గేముల్లో ఆ ఒక్క సందేశం వెనక కనీసం మూడు కారణాలు ఉంటాయి. నిజంగా కార్డులో చోటు లేకపోవడం ఒకటి. 12లో 7 వాడిందంటే అది కాదు.

రెండోది సీపీయూ. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో జాస్తి వోల్టేజీ వల్ల చిప్ మెల్లగా దెబ్బతినే సమస్య బయటపడింది. షేడర్లు కంపైల్ చేసేటప్పుడూ ఫైళ్లు విప్పేటప్పుడూ లెక్క తప్పుతుంది, అది ఇదే సందేశంగా కనబడుతుంది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్ (చిప్ లోపలి సవరణ కోడ్) ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. నీ 13700కె కూడా ఆ వరుసలోదే. పీసీ వివరాలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాము తెరిచి సీపీయూ భాగంలో మైక్రోకోడ్ అంకె చూడు. 12బి కన్నా పాతదైతే మదర్‌బోర్డు సైట్ నుంచి బయాస్ అప్‌డేట్ చేసుకో. ఒకటి గుర్తుంచుకో, మైక్రోకోడ్ ఇకముందు దెబ్బ తగలకుండా ఆపుతుందే కానీ ఇప్పటికే చెడిన చిప్‌ను బాగు చేయదు. అనుమానం ఉంటే బయాస్‌లో పీ-కోర్ రేషియో (సీపీయూ పెద్ద కోర్ల స్పీడు) రెండు మెట్లు తగ్గించి, నీ దగ్గరున్న వేరే అన్‌రియల్ గేమ్‌లో పరీక్షించు. ఈ గేమ్ నిమిషాలు ఏంటికి తగలేయడం?

మూడోది, నాకు జాస్తి అనుమానం దీని మీదే: పేజ్ ఫైల్. "ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుంది" అని వీడియోల్లో చెబితే చాలామంది దాన్ని ఆపేస్తారు. పేజ్ ఫైల్ లేకపోతే ప్రోగ్రాములన్నీ కలిపి అడగగలిగేది ర్యామ్ ఎంతో అంతే. 16 జీబీ పీసీలో బ్రౌజర్, డిస్కార్డ్ తెరిచి ఇట్లాంటి గేమ్ ఆడితే ఆ హద్దు తగులుతుంది. అప్పుడు విండోస్ గేమ్‌కు మెమరీ ఇవ్వనంటుంది, ఇంజన్ దాన్ని వీడియో మెమరీ తప్పుగా చూపిస్తుంది.

ఇట్ల తేల్చుకో. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్. గేమ్ మూసుకుపోయిన నిమిషం దగ్గర రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్, నంబరు 2004 ఉందేమో చూడు. అది ఉంటే జాస్తి మెమరీ తింటున్న ప్రోగ్రాముల పేర్లు కూడా అందులోనే ఉంటాయి. తర్వాత టాస్క్ మేనేజర్, పర్ఫార్మెన్స్, మెమరీలో "కమిటెడ్" కింద రెండంకెలు ఉంటాయి. రెండోది నీ ర్యామ్ కన్నా కొంచెం తక్కువగా, 15.8 అట్ల ఉందంటే పేజ్ ఫైల్ ఆపేసి ఉన్నట్టే.

సరిచేయడానికి స్టార్ట్‌లో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతుకు. పర్ఫార్మెన్స్ పక్కన సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్. పైన ఆటోమేటిక్ గడికి టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. సీ డ్రైవ్‌లో 30 జీబీ దాకా ఖాళీ ఉంచు.

చిత్తూరు_టెస్టర్

పైన చెప్పినవి సరే. కానీ క్రాష్ నీ పీసీ వల్లే అయినా, సేవ్ పోవడం గేమ్ తప్పే. అది గేమ్ కంపెనీ ఒప్పుకుని తీరాలి.

సేవ్ రాసే పద్ధతి ఏమంటే, కొత్త సేవ్‌ను వేరే పేరుతో పూర్తిగా రాసి, సరిగ్గా పడిందని చూసుకుని, అప్పుడు పాతదాని స్థానంలో పెట్టాలి. ఇక్కడ పాత ఫైల్‌ను ఖాళీ చేసి దాంట్లోనే రాస్తున్నట్టుంది. మధ్యలో గేమ్ పోతే మిగిలేది 0 కేబీ. పైగా గేమ్ మూసుకోగానే స్టీమ్ క్లౌడ్ (సేవ్‌లను ఆన్‌లైన్‌లో దాచేది) ఆ ఖాళీ ఫైల్‌నే పైకి పంపి, అక్కడున్న మంచిదాన్ని కూడా పోగొడుతుంది. అందుకే ప్రాపర్టీస్, జనరల్‌లో ఈ గేమ్‌కు క్లౌడ్ ఇప్పుడే ఆపి, సేవ్ ఫోల్డర్ మొత్తం వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌లో 2020 డిసెంబరులో 8 ఎంబీ దాటిన సేవ్‌లు చెడిపోయేవి. 1.06 హాట్‌ఫిక్స్ (చిన్న అత్యవసర ప్యాచ్) ఆ హద్దు తీసేసింది, అప్పటికే చెడినవి మాత్రం తిరిగి రాలేదు. ప్యాచ్ వచ్చాక నీ 0 కేబీ ఫైల్ బతుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇక నీ గేమ్ కంపెనీ ప్రకటన. "పరిశీలిస్తున్నాం" అంటే వాళ్ల దగ్గర అది ఇంకా జరిగి కనబడలేదని అర్థం చేసుకో. "మా దగ్గర కూడా వచ్చింది, కారణం దొరికింది" అన్నప్పుడే సవరణ దగ్గరపడినట్టు. తేదీలు కూడా జారుతాయి. సైబర్‌పంక్‌కు ఫిబ్రవరిలో ఇస్తామన్న పెద్ద ప్యాచ్ 2021 మార్చి 29న వచ్చింది. మధ్యలో ఆ కంపెనీ మీద సైబర్ దాడి కూడా జరిగింది.

అందరూ "గేమ్ క్రాష్, ఫిక్స్ చేయండి" అని రాస్తారు. దాంతో ఏ టెస్టరూ ఏమీ చేయలేడు. ఇట్ల రాస్తే పనికొస్తుంది, ఇంగ్లిషులో పంపు:

"వెర్షన్ (మెయిన్ మెనూ మూలలో ఉన్న పూర్తి అంకె). రెండో అధ్యాయం. గుర్రం మీద రాతి వంతెన దాటాను. ఆటోసేవ్ గుర్తు తిరుగుతుండగా గేమ్ మూసుకుపోయింది. 5 సార్లు ప్రయత్నిస్తే 4 సార్లు. నడిచి దాటితే 2కి 0. తర్వాత ఆటోసేవ్ సైజు 0 కేబీ."

నీ అంకెలు నువ్వు వేసుకో, ఇప్పటిదాకా గుర్తున్నవే. వాటికోసం గేమ్ తెరవొద్దు. దీనికి క్రాష్ ఫోల్డర్ జతచెయ్యి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, లోకల్‌యాప్‌డేటా అన్న మాటను రెండు శాతం గుర్తుల మధ్య ఇంగ్లిషులో టైప్ చేస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది. గేమ్ పేరు, సేవ్డ్, క్రాషెస్. అందులో మినీడంప్, లాగ్ (క్రాష్ వివరాల ఫైళ్లు) ఉంటాయి. చెడిన సేవ్‌తోపాటు దానికి ముందరి మంచి సేవ్ కూడా పంపు. టెస్టర్‌కు అసలు కావాల్సింది ఆ మంచిదే, అక్కడినుంచే వంతెన దాటి చూస్తారు.

స్టీమ్‌లో రివ్యూ కూడా రాయి. రీఫండ్ తీసుకున్నా అది నిలుస్తుంది. కమ్యూనిటీ పేజీలో జవాబులు రాసే ఉద్యోగులను మాత్రం తిట్టొద్దు, విడుదల తేదీ పెట్టింది వాళ్లు కాదు.

కొర్లగుంట_కుర్రోడు

అన్నలూ, గేమ్ తెరవలేదు. మైక్రోకోడ్ 0ఎక్స్12బినే ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో 2004 మూడుసార్లు పడింది, మూడూ గేమ్ పోయిన నిమిషాలే. కమిటెడ్ కింద 15.8 ఉండింది. పేజ్ ఫైల్ ఆన్ చేసి రీస్టార్ట్ చేశాక 31 చూపిస్తోంది. క్లౌడ్ ఆపాను, సేవ్‌లు కాపీ చేశాను, వంతెనకు ముందరి ఆటోసేవ్ ఒకటి బాగుంది. రిపోర్టు పంపాను. మరి గురువారం ఏం చేయాలి?

రేణిగుంట_రిగ్

క్రాష్‌కు కారణం పేజ్ ఫైల్ లేకపోవడమే అనిపిస్తోంది, అది సరిచేశావు. ఇక తేలాల్సింది సేవ్ సంగతి. ఇప్పుడు వాళ్లకు సమ్మర్ టైమ్ (గడియారం గంట ముందుకు) నడుస్తోంది కాబట్టి పసిఫిక్ ఉదయం 10 అంటే మనకు రాత్రి 10:30. ప్యాచ్ దిగాక ముందు దాని నోట్స్ చదువు. సేవ్‌ల గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే తెరవకుండానే రీఫండ్ పెట్టు, 14వ రోజు దాకా లాగొద్దు.

ఆ ముక్క ఉంటే బ్రౌజర్, డిస్కార్డ్ మూసి గేమ్ తెరువు. షేడర్లు మళ్లీ మొదలైతే ఆడడానికి 13 నిమిషాలే మిగులుతాయి, కాబట్టి ఫోన్‌లో టైమర్ పెట్టుకో. వేరే ఎక్కడికీ పోకుండా ఆ మంచి సేవ్ లోడ్ చేసి, గుర్రం మీద వంతెన రెండుసార్లు దాటు. ఆల్ట్ ట్యాబ్ కొట్టి కొత్త ఆటోసేవ్ సైజు చూడు. ఫైల్ నిండుగా ఉంటే ఉంచుకో. 0 కేబీ కనబడితే అక్కడే మూసి, స్టీమ్ హెల్ప్‌లో పర్చేజెస్ తెరిచి రీఫండ్ నొక్కు.