ఆక్స్‌ఫర్డ్ చుట్టూ గ్రీన్ బెల్ట్: ఇంటి వెనక పొలం ఉంటుందా, పోతుందా?

రవి_కిడ్లింగ్టన్: ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కిడ్లింగ్టన్ చివర్లో ఇల్లు చూశాం. వెనకంతా పొలాలే. ఏజెంట్ "గ్రీన్ బెల్ట్ సార్, సిటీ విస్తరించకుండా చుట్టూ ఖాళీగా ఉంచే భూమి, ఎవరూ ముట్టుకోరు" అంటున్నాడు. పక్కింటాయనేమో ఆక్స్‌ఫర్డ్ వాళ్లకి ఇళ్లన్నీ ఇక్కడే కడతారంటాడు. సిటీ కౌన్సిల్‌కీ చుట్టుపక్కల జిల్లాలకీ అసలు గొడవేంటి?

నైట్‌డ్యూటీ_అక్క: కట్టనివ్వండి బాబూ. హాస్పిటల్లో రాత్రంతా నిలబడి, బైస్టర్ బస్సులో కునికిపాట్లు పడుతూ ఇంటికెళ్లేది మేము. సిటీలో అద్దె కట్టగలిగితే ఈ బస్సెందుకు ఎక్కుతాం?

ప్లాన్‌శాస్త్రి: ప్లానింగ్‌లోనే తల నెరిసింది కాబట్టి చెప్తున్నా. ఏజెంట్ మాట నమ్మకండి. సిటీ హద్దుల్లో జాగా లేదు, మిగతా ఇళ్లు మీరు కట్టండని ఆక్స్‌ఫర్డ్ అడుగుతుంది. 2011 లోకలిజం చట్టం ప్రకారం ఇలాంటివి పక్క కౌన్సిళ్లు మాట్లాడుకోవాల్సి వచ్చింది. మీ కిడ్లింగ్టన్ ఉన్న చెర్వెల్ జిల్లా 2020లో 4,400 ఇళ్లకు ఒప్పుకుని కిడ్లింగ్టన్, యార్న్‌టన్, బెగ్‌బ్రోక్ దగ్గర కొంత భూమిని బెల్ట్ నుంచి తీసేసింది. గోల్ఫ్ కోర్సు కూడా అందులో పోయింది. మీ పొలం ఎటుందో ఆ మ్యాపులో చూసుకోండి.

శాండ్‌ఫర్డ్_మూర్తి: చెర్వెల్ తలూపింది సరే, మా సౌత్ ఆక్స్‌ఫర్డ్‌షైర్ సంగతి చెప్పరేం? 2019లో మేం ఓట్లేసి గెలిపించినవాళ్లు పాత కౌన్సిల్ రాసిన ఇళ్ల ప్లాన్ ఆపేద్దామనుకుంటే లండన్ నుంచి మంత్రి అడ్డుపడ్డాడు. 2020 డిసెంబరులో పాస్ చేయించారు. అందులో సిటీ అంచున గ్రెనోబుల్ రోడ్డు పక్కన 3,000 ఇళ్లు. ఆ భూమిలో సిటీ కౌన్సిల్‌కీ వాటా ఉంది! పక్క జిల్లాలో తన భూమికి తనే రేటు పెంచుకుంటోంది.

కౌలీ_కుర్రాడు: అన్నా, అక్కడున్నది మురుగు శుద్ధి కేంద్రం, కరెంటు టవర్లు. దేన్ని కాపాడుతున్నారు?

శాండ్‌ఫర్డ్_మూర్తి: గ్రీన్ బెల్ట్ అంటే పూలతోట కాదు తమ్ముడూ. ఊళ్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఉంచే జాగా. కంపు కొట్టినా జాగా జాగాయే.

కౌలీ_కుర్రాడు: ఇల్లు కొనుక్కుని తలుపేసుకున్నాక ఎవరైనా ఇలాగే మాట్లాడతారు.

శాండ్‌ఫర్డ్_మూర్తి: నా ఇంటి సంగతి నీకెందుకు? మర్యాదగా మాట్లాడు.

ప్లాన్‌శాస్త్రి: ఇద్దరూ ఆగండి. వాటా ఉన్న మాట నిజమే, దాచిందేమీ లేదు. సిటీ అసలు బోర్లా పడింది 2024లో. పక్కవాళ్లతో సరిగ్గా సంప్రదించలేదని ప్లాన్లు పరిశీలించే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు సిటీ రాసిన 2040 ప్లాన్ వెనక్కి తీసుకోమన్నారు. అంతకుముందు 2022లో జిల్లాలన్నీ కలిసి రాసుకుంటున్న 2050 ప్లాన్ కూడా ఇళ్ల లెక్క దగ్గరే ఆగిపోయింది.

నైట్‌డ్యూటీ_అక్క: ఇన్ని ప్లాన్లు రాసి చించేసే బదులు నాలుగు ఫ్లాట్లు కట్టుంటే అయిపోయేది.

మొయినాబాద్_వాసి: మన హైదరాబాద్ 111 జీవో గుర్తొచ్చింది. 1996లో జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాలకి ఆంక్షలు పెట్టారు. 2022లో ఎత్తేస్తూ ఇంకో జీవో. ఫామ్‌హౌసులు మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

కౌలీ_కుర్రాడు: అది తాగునీటి కోసం పెట్టింది, దీంతో పోలికేంటి?

మొయినాబాద్_వాసి: మాకు అక్కడ రెండెకరాలుంది, ఏళ్ల తరబడి బేరం రాలేదు. పోలిక ఎందుకు లేదో నువ్వే చెప్పు.

రవి_కిడ్లింగ్టన్: శాస్త్రి గారూ, మ్యాపు చూశాను. ఇల్లు గీతకి ఇవతల, పొలం అవతల, అంటే బెల్ట్‌లోనే. లాయర్‌తో మాట్లాడుతున్నా.

శాండ్‌ఫర్డ్_మూర్తి: వచ్చే ప్లాన్‌లో ఆ గీత జరుగుతుందేమో కూడా అడగండి. రెండెకరాలాయనా, మీ సంగతి వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.