పిల్లల ఫాంటసీ నవల: తప్పిపోయిన అమ్మ చివర్లో ఇంటికి రావాల్సిందేనా?

పడవకథ:
8 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. క్లుప్తంగా కథ ఇది. పదకొండేళ్ల అబ్బాయి, వాళ్లమ్మ నది మీద పడవ నడుపుతుంది. ఆ నదికి అవతలి ఒడ్డు రోజుకొకటి. ఇవాళ అడవి, రేపు రాతికోట, ఎల్లుండి ఉత్త ఇసుక. ఒక సాయంత్రం వెళ్లిన పడవ తిరిగి రాదు. పెద్దవాళ్లు కొన్నాళ్లు వెతికి ఊరుకుంటారు. పిల్లాడు ఊరుకోడు, చిన్న తెప్ప కట్టుకుని బయల్దేరతాడు. ఎన్నో ఒడ్లు తిరిగాక అమ్మ దొరుకుతుంది. కానీ ఆ నదికి ఒక నియమం ఉంది. అక్కడ తెడ్డు పట్టినవాళ్లు దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేదాకా వదిలి వెళ్లలేరు. ఆమె ఎవరి చేతిలోనూ పెట్టనంటుంది. కొడుకును ఇవతలి ఒడ్డున దించి, పడవ తిప్పుకుని వెళ్లిపోతుంది. కథ అక్కడ ఆపాను.

చిత్తుప్రతి చదివిన పెద్దవాళ్లందరికీ ఈ ముగింపు నచ్చింది. చదివిన ఒకే ఒక్క పిల్ల, పదేళ్లది, కాగితాలు నా చేతికిచ్చి "మిగతాది ఏది?" అని అడిగింది. అయిపోయిందమ్మా అంటే నమ్మలేదు.

ఈ వయసు పిల్లలకు రాసేటప్పుడు తప్పిపోయిన అమ్మనో నాన్ననో కచ్చితంగా ఇంటికి తేవాలా? ఏమంటారు?

బడిలైబ్రరీ:
తేవాలి. ఆ పిల్ల చెప్పిందే తీర్పు.

మొదటి అధ్యాయంలో అమ్మను మాయం చేశారంటే మీరు పాఠకుడికి బాకీ పడ్డట్టే. పిల్లలు రెండు వందల పేజీలు ఆ బాకీ కోసమే చదువుతారు. మధ్యలో వచ్చే రాక్షసులు, మాట్లాడే చేపలు అన్నీ వడ్డీ. అసలు ఎగ్గొట్టి, "జీవితం ఇంతే బాబూ" అనడం పెద్దవాళ్లకు గొప్పగా అనిపించవచ్చు.

పినాకియో సంగతి గుర్తు చేస్తాను. 1881లో ఇటలీలో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలైంది. రచయిత పదిహేనో అధ్యాయంలో ఆ కొయ్యబొమ్మను చెట్టుకు ఉరివేయించి కథ ముగించేశాడు. ఇంకా రాయమని అడిగితే మళ్లీ అందుకుని, 1883 నాటికి పూర్తి చేశాడు. ఆ రెండో సగంలోనే పినాకియో సముద్రజంతువు కడుపులో తండ్రిని కనుక్కుని, వీపు మీద ఎక్కించుకుని ఈదుకుంటూ బయటికి తెస్తాడు. ఇవాళ లోకానికి గుర్తున్నది ఏ ముగింపు?

వెన్నెలకంచె:
నేను దీనికి పూర్తి వ్యతిరేకం. కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

నా చిన్నప్పుడే నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోయారు. చనిపోలేదు. ఎక్కడున్నారో తెలియదు, అంతే. అప్పట్లో నేను చదివిన ప్రతి కథలోనూ పిల్లలు ధైర్యం చేసి, మూడు పరీక్షలు నెగ్గి, అమ్మనో నాన్ననో తెచ్చుకునేవాళ్లు. వాటి నుంచి నాకు అర్థమైంది ఒక్కటే. నేను సరిగ్గా వెతకలేదు. ఆ పిల్లలకున్న ధైర్యం నాకు లేదు. "వెతికితే దొరుకుతారు" అని ధైర్యం చెప్పే కథ, దొరకని పిల్లల చెవిలో "తప్పు నీదే" అని చెప్తుంది.

పౌలీన్ బాస్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలు వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేశారు. మనిషి కళ్లెదుట లేడు, మనసులో మాత్రం ఉన్నాడు, ఇలాంటి స్థితికి ఆమె పెట్టిన పేరును తెలుగులో "తేలని నష్టం" అనుకోవచ్చు. ఇందులో ఏడ్చి ఊరుకోవడానికి కూడా లేదు. చనిపోయారని తెలిస్తే కర్మకాండ ఉంటుంది, పలకరింపులు ఉంటాయి. దీనికి ఏమీ ఉండవు. అలాంటి పిల్లల కోసం ఒక్క పుస్తకమైనా ఉండొద్దా?

బడిలైబ్రరీ:
మీ మాట తోసెయ్యను. కానీ లైబ్రరీలో నాకు రోజూ కనబడే పిల్లల్లో ఎక్కువమందికి అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు. వాళ్ల భయం వేరు. అమ్మ రావడం పది నిమిషాలు లేటైతే చాలు, ఏమైందోనని టెన్షన్. ఆ భయాన్ని ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిచి, క్షేమంగా ఇంటికి రావడానికే వాళ్లు ఈ కథలు అడుగుతారు. కొద్దిమంది కోసం రాసిన ముగింపును అందరి చేతిలో పెడితే ఎలా?

వెన్నెలకంచె:
"కొద్దిమంది" అని ఎలా తేల్చారు? మేము చెయ్యెత్తి చెప్పుకోం కదా. నేను మా బడి లైబ్రరీలో ఎవరికీ చెప్పలేదు.

మూడోవరుస:
పడవకథ గారూ, నిజం చెప్పండి. రెండో భాగం రాద్దామనే కదా అలా ఆపారు :)

పడవకథ:
లేదండీ. ఒకటే పుస్తకం.

రెండోప్రతి:
పిల్లల పుస్తకాల ఎడిటింగ్ పనిచేస్తాను కాబట్టి ఒక మాట. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. దొరకడం వేరు, తిరిగి రావడం వేరు. ఈ రెండూ కాక మూడోది ఉంది, అన్నిటికంటే ముఖ్యమైనది: దొరికాక ఏమవుతుంది?

1962లో వచ్చిన "ఎ రింకిల్ ఇన్ టైమ్" చూడండి. మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. మెగ్ అనే అమ్మాయి వేరే గ్రహంలో చిక్కుకున్న తండ్రి కోసం వెళ్తుంది. నాన్న దొరికితే చాలు, అన్నీ ఆయనే చూసుకుంటాడని ఆమె నమ్మకం. ఆయన దొరుకుతాడు, పుస్తకం ఇంకా మిగిలి ఉండగానే. ఆయనకు అన్నీ చేతకావు. హడావిడిగా తప్పించుకునేటప్పుడు ఆమె తమ్ముణ్ని శత్రువు చేతిలోనే వదిలి రావాల్సి వస్తుంది. మెగ్‌కు తండ్రి మీద ఒళ్లు మండిపోతుంది, నోటికొచ్చినట్లు అంటుంది. ఆ కోపం దిగాక, తమ్ముడి కోసం తానే ఒంటరిగా వెనక్కి వెళ్తుంది.

కుటుంబమంతా చివరికి కలుస్తుంది, బడిలైబ్రరీ గారు అడిగిన ముగింపే. కానీ ఆ పుస్తకం నిలబడింది మధ్యలో ఉన్న ఆ కోపం వల్ల అని నా అభిప్రాయం. నాన్న మామూలు మనిషి అని తెలుసుకోవడం ఈ వయసులో పిల్లలకు నిజంగా జరిగే సంగతి.

మీ పుస్తకంలో అమ్మ కనబడిన తర్వాత ఎన్ని పేజీలున్నాయి?

పడవకథ:
ఏడు.

రెండోప్రతి:
ఏడు పేజీల్లో కలవాలి, నియమం తెలియాలి, విడిపోవాలి. పిల్లాడికి కోపం తెచ్చుకునే తీరిక కూడా ఇవ్వలేదు మీరు. "మిగతాది ఏది" అని ఆ పిల్ల అడిగింది అందుకే కావచ్చు.

జానపదం:
ఆలస్యంగా వచ్చాను. అమ్మ కోసం పిల్లాడు బయల్దేరే కథ అంటూ ఇంత చర్చ జరుగుతుంటే బాలనాగమ్మను ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యం. మన దగ్గర బుర్రకథగా, నాటకంగా, సినిమాగా ఎన్ని తరాలు విన్నాయి! మాయల మరాఠీ తల్లిని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుకుతూ వెళ్లిన తండ్రి రాయి అయిపోతాడు. పెద్దమ్మల దగ్గర పెరిగిన బాలవర్ధి, సంగతి తెలిశాక, తనకు గుర్తే లేని తల్లి కోసం బయల్దేరతాడు.

ఇందులో నాకు నచ్చేది ఏడు సముద్రాల అవతలి చిలక కాదు. తల్లి ఊరికే కూర్చోకపోవడం. నోము నెపంతో ఏళ్ల తరబడి ఆ మాంత్రికుణ్ని దగ్గరకు రానివ్వదు. వాడి ప్రాణం ఎక్కడుందో మాటల్లో పెట్టి రాబడుతుంది. కొడుకు తెచ్చింది సగం, తల్లి చేసింది సగం. పడవకథ గారి కథలో మాత్రం పిల్లాడు వచ్చేదాకా ఆ అమ్మకు పనేమీ ఉన్నట్లు లేదు. ఆమె బహుమతి కాదు కదా, మనిషి. ఆమె ఏం చేస్తోందో రెండు మూడు చోట్ల ఆనవాళ్లు వదిలితే, ఇంటికి రాకపోయినా పిల్లలు ఆమెను క్షమిస్తారేమో.

ఇంకొకటి. తెడ్డు ఇంకొకరి చేతిలో పెడితే విడుదల అన్న నియమం గ్రిమ్ సోదరుల కథల్లోనే ఉంది. అందులో అత్యాశగల రాజు చేతికి తెడ్డు అంటగట్టి పడవవాడు బయటపడతాడు. నాలుగు జానపద కథలు విన్న పిల్ల ఎవరైనా మీ నియమం చదవగానే అదే ఆలోచిస్తుంది. మీ కథలో దుర్మార్గుడు ఉన్నాడా?

పడవకథ:
ఉన్నాడు. నది దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసే దొర.

జానపదం:
మరి తెడ్డు వాడి చేతిలో ఎందుకు పెట్టలేదు?

మూడోవరుస:
హహహ. చర్చ ముగిసింది.

పడవకథ:
ముగియలేదండీ. కారణం ఉంది. తెడ్డు ఎవరి చేతిలో ఉంటే, ఎవరిని దాటించాలో ఎవరిని ముంచాలో వాళ్లిష్టం. దొర చేతికిస్తే నది మొత్తం అతనిది అవుతుంది. అందుకే ఆమె ఇవ్వదు. తొమ్మిదో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది.

జానపదం:
ఒక వాక్యమా! కథ నిలబడిందే దాని మీద. ఒక అధ్యాయం పట్టే సంగతి అది. తెడ్డు తప్పుడు చేతిలో పడితే ఏమవుతుందో పిల్లాడు తన కళ్లతో ఒకసారి చూడాలి.

వెన్నెలకంచె:
నాకు ఇప్పుడు వేరే ఇబ్బంది కనబడుతోంది. అమ్మ రాకపోవడానికి నేను అడ్డు చెప్పలేదు. కానీ ఈ అమ్మ రాలేక కాదు, రానంటోంది. ఊరి జనం కోసం అనే మీరు రాసి ఉంటారు. పదేళ్ల పిల్లకు అది త్యాగంలా వినబడదు. "నాకంటే వాళ్లే ఎక్కువా?" అని వినబడుతుంది. మా నాన్న కూడా వెళ్లడానికి ఏదో పెద్ద కారణమే చెప్పుకుని ఉంటారు. పిల్లాడు ఆ ప్రశ్న ఆమెను గట్టిగా, మొహం మీదే అడగాలి. ఆమె దగ్గర సరైన జవాబు లేకపోయినా ఫర్వాలేదు. అడగకుండా పడవ దిగిపోతే మాత్రం నేను ఆ పుస్తకం ఏ పిల్లకూ ఇవ్వను.

బడిలైబ్రరీ:
ఈ ఒక్క విషయంలో వెన్నెలకంచె గారితో ఏకీభవిస్తాను. పిల్లాడు చివర్లో బుద్ధిమంతుడిలా తలూపి దిగిపోతే అది రచయిత సౌకర్యం.

పడవకథ:
అమ్మను ఇంటికి తేను. అక్కడ నా మనసు మారలేదు. తెస్తే ఆ నదికి అర్థం లేదు. కానీ కలిసే ఘట్టాన్ని పుస్తకం మూడింట రెండు వంతులు అయ్యేసరికి జరుపుతాను. ఆ తర్వాత తల్లీకొడుకులు ఒకే పడవలో కొన్ని ఒడ్లు కలిసి తిరుగుతారు. పోట్లాట అక్కడే పెడతాను. తెడ్డు కాసేపు దొర చేతికి వెళ్లే అధ్యాయం కూడా కావాలి, దానికి ముందే. పోట్లాట అధ్యాయం అయ్యాక ఇక్కడ పెడతాను, చదివి చెప్పండి.

రెండోప్రతి:
పోట్లాటలో అమ్మ చేత ఉపన్యాసం ఇప్పించకండి. అంతే.

బడిలైబ్రరీ:
పెట్టండి. మా ఐదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాను, ముగింపు చెప్పకుండా. అమ్మ వస్తుందా రాదా అని వాళ్లనే పందెం వేసుకోమంటాను. నా ఓటు మాత్రం ఇప్పటికీ వస్తుందనే.